భుజం మీద పోగు

షట్టరు సగం లేచేసరికే పెద్ద మేడమ్ తల వంచి లోపలికి దూరేది. కంపెనీ బట్టల షాపులన్నిటి మీదా అధికారి అయినా, షట్టరు పూర్తిగా లేచేదాకా ఆగే ఓపిక ఆమెకి లేదు. అద్దాల మీద వేలిముద్రలు ఉన్నాయేమో చూసేది. హ్యాంగర్లన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయో లేదో చూసేది. చివరికి నిలువుటద్దం ముందు నిలబడి తన ఎడమ భుజం చూసుకునేది.

ఎవరు ఎక్కడ ఆమె వెనకాల ఆమె గురించి మాట్లాడుకున్నా, ఆ భుజం మీద ఒక దారప్పోగు రాలేది. సేల్స్‌గర్ల్‌గా చేరిన రోజుల నుంచీ అంతే. కొందరికి వాన వచ్చే ముందు మోకాళ్లు సలుపుతాయి, ఈవిడకి ఇది. ఎవరూ వింతపడేవాళ్లు కాదు. లిఫ్టులో పక్కనున్నవాళ్లు "మేడమ్, పోగు" అని తీసి చేతికిచ్చేవాళ్లు. తమదే అయితే మాత్రం కాస్త నీళ్లు నమిలేవాళ్లు.

ఎవరి పోగు వాళ్లదే. కాపలా మనిషిది గోనెసంచి పీచు. క్యాషియర్‌ది నైలాను, పట్టుకుంటే జారిపోయేది. ఆడపడుచుది జరీ. మెరుపు తక్కువ, గుచ్చుకోవడం ఎక్కువ.

ఆమె పెత్తనమంతా ఈ పోగుల మీదే నడిచేది. ఎవరి పోగులు ఎక్కువ పడితే వాళ్లకి రైలు గేటు అవతలి షాపుకి బదిలీ. అక్కడికి కొనేవాళ్లు రారు. ఈగలు తోలుకుంటూ కూర్చుని కొన్నాళ్లకి వాళ్లే మానేసేవాళ్లు. ఎందుకు పంపిందో చెప్పేది కాదు, ఏం మాట్లాడావని అడిగేదీ కాదు.

"అడిగితే అబద్ధం చెప్తారు. పోగు చెప్పదు" అనేది భర్తతో.

"పోగు అసలేమీ చెప్పదే. ఎవరు మాట్లాడారో తెలుస్తుంది గానీ ఏం మాట్లాడారో తెలియదుగా" అన్నాడాయన ఒకసారి. ఆయన స్కూల్లో డ్రాయింగు మాస్టారు. నెమ్మదైన మనిషి. ఆమె వినిపించుకోలేదు.

ఈమధ్య ఆమెకి గాలి మీద కూడా అనుమానంగా ఉంది. తను అడుగుపెట్టగానే షాపులో గొంతులు తగ్గిపోతున్నాయి. మీటింగుల్లో అందరూ నోట్లో నోట్లో గొణుగుతున్నారు. పాటల పెట్టె సరిగ్గా మోగడం లేదని రిపేరుకి పిలిపిస్తే, ఆ వచ్చినవాడు ఇటు తిప్పీ అటు తిప్పీ అంతా బాగానే ఉందన్నాడు. వాడెవరి మనిషో అనుకుంది. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర తండ్రీకూతుళ్లు ఏదో చెప్పుకుని నవ్వేవాళ్లు. తన దాకా ఒక్క ముక్కా వచ్చేది కాదు. నా ముందే గుసగుసలా అని లోపల్లోపల ఉడికిపోయేది తప్ప పైకి అడిగేది కాదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం భుజం మీద రెండు పోగులు ఒకదానికొకటి మెలేసుకుని పడ్డాయి. మెలి పడిందంటే ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట. ఒకటి పసుపుపచ్చ నూలు. అది ఫ్లోర్ మేనేజర్‌ది. ఆ పిల్లకి బట్ట మడతపెట్టడం దగ్గర్నుంచీ దగ్గరుండి నేర్పించింది తనే. రెండోది బూడిదరంగు ఉన్ని. అది తన మొగుడిది.

మర్నాడూ అదే వేళకి అలాగే మెలి. ఆ మర్నాడూ అంతే.

వీళ్లిద్దరికీ కలిసి మాట్లాడుకునే పనేముంది? ఆయన మధ్యాహ్నానికల్లా స్కూలు నుంచి ఇంటికి వచ్చేస్తాడు. ఆ పిల్లకి అప్పుడే భోజన విరామం. కంచే చేను మేస్తోందా? ఆమెకి అన్నం సయించలేదు. పని ఉందన్న వంకతో పడక వేరే గదిలోకి మార్చుకుంది. బీరువా తాళంచెవి దిండు కింద పెట్టుకుంది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఏదో అన్నాడు. ఆమె అటు తిరిగి పడుకుంది.

వారం తిరక్కుండానే ఫ్లోర్ మేనేజర్‌కి గేటు అవతలి షాపుకి బదిలీ ఉత్తర్వు వెళ్లింది. ఆ పిల్ల కాగితం పట్టుకుని గదిలోకి వచ్చి బల్లకి ఎడమపక్కన నిలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పెదాలు చాలాసేపు కదిలాయి.

"ఇంక వెళ్లొచ్చు" అంది పెద్ద మేడమ్, తల ఎత్తకుండానే.

ఆ మధ్యాహ్నం మెలిపోగులు వరసపెట్టి రాలాయి. దులిపేకొద్దీ మళ్లీ పడుతున్నాయి. ఆమె డ్రైవరుని కూడా పిలవకుండా కారు తీసుకుని ఇంటికి వెళ్లింది. చెప్పులు బయటే వదిలి, తలుపు మెల్లిగా తోసింది.

హాల్లో ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నారు. మధ్యలో చల్లారిపోయిన టీ కప్పులు. ఇద్దరూ గుమ్మం వైపు చూడటం లేదు. చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటున్నారు. ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది. ఒక్క మాటా అందలేదు. ఇంత దగ్గర నిలబడినా వినపడకుండా మాట్లాడుకోవడం ఎప్పుడు నేర్చుకున్నారో.

"ఏంటి మీ గుసగుసలు?" అంది.

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. ఆయన ముఖంలో తప్పు చేసినవాడి కంగారు లేదు. అయోమయం ఉంది. లేచి దగ్గరికి వచ్చి, ఆమె కుడి చెవి దగ్గర వంగి గట్టిగా అన్నాడు.

"గుసగుసలేంటి? ఈ బదిలీ గొడవ మీద పక్కింటివాళ్లకి వినపడేలా అరుచుకుంటున్నాం. నీకు వినపడలేదా?"

ఆమె ఇద్దరి పెదాల వంకా మార్చి మార్చి చూసింది.

"మీటింగులో నేనొకటి అడిగితే మీరొకటి చెప్తున్నారు మేడమ్" అంది ఫ్లోర్ మేనేజర్, ఆమె ఎదురుగా వచ్చి నిలబడి ఒక్కో మాటా విడదీస్తూ. "పొగరు పెరిగిందని షాపులో అనుకుంటున్నారు. నాకు మాత్రం భయం వేసింది. మీకు చెప్పే ధైర్యం లేక అన్నయ్యగారికి చెప్పాను. ఇవాళ పొద్దున తెగించి మీకే చెప్పాను. వెళ్లమన్నారు."

"నేనూ నీ గది గుమ్మం దగ్గర నిలబడి ఎన్నిసార్లు చెప్పానో" అన్నాడాయన. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ సామెత ఇలా నిజమవుతుందని అనుకోలేదు."

ఆమె సోఫాలో కూలబడింది. భుజం మీద పడ్డ మెలిని విప్పబోయింది. అది విడలేదు.

రెండు చెవుల లోపలా బియ్యపుగింజంత ఎముక బిగుసుకుపోయిందన్నాడు డాక్టరు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే తను చేయగలిగేది పెద్దగా ఉండేది కాదన్నాడు. ఒక చెవికి ఆపరేషను జరిగింది. రెండో చెవికి మిషను పెట్టారు. కట్టు విప్పిన రోజు భర్త గొంతు విని, జలుబు చేసిందా అని అడిగింది. లేదు, నా గొంతు ఎప్పుడూ ఇంతే అన్నాడాయన.

కాస్త కోలుకోగానే రైలు గేటు దాటి వెళ్లింది. ఆ షాపులో అప్పటికే అరలన్నీ తుడిచి, చొక్కాలు కొత్త వరసలో పేర్చి ఉన్నాయి. ఫ్లోర్ మేనేజర్ కుర్చీ చూపించింది.

"ఆ ఉత్తర్వు రద్దు చేశాను. వచ్చెయ్" అంది పెద్ద మేడమ్.

"రాను మేడమ్."

"కోపమా?"

"కోపం లేకుండా ఎలా ఉంటుంది?"

పెద్ద మేడమ్ చూపించిన కుర్చీలో కూర్చుంది. తర్వాత అంది. "సరే. నా గురించి నీ మనసులో ఏముందో అంతా చెప్పు. నా ముందే చెప్పు."

 ఆ పిల్ల గట్టు తెగినట్టు చెప్పింది. ఎవర్నీ ఏమీ అడగకపోవడం, అందర్నీ దొంగల్లా చూడటం, పేరుపెట్టి ఒక మంచిమాట అనకపోవడం, ఏదీ వదల్లేదు. చివరికి ఇదివరకు షాపులో ప్యాకింగ్ చేసిన తాతయ్య సంగతి ఎత్తింది.

"భార్యకి ఒంట్లో బాగోలేనప్పుడు మీరు జీతంతో సెలవిచ్చారు. గుర్తుందా? ఆ తర్వాత ఆయన కనపడ్డ ప్రతివాళ్లతోనూ మీ గురించే చెప్పేవాడు. దేవత అనేవాడు. ఆయన పోగులు ఎక్కువయ్యాయని మీరు ఇక్కడికి పంపేశారు. తను చేసిన తప్పేంటో తెలియకుండానే మానేసి వెళ్లిపోయాడు."

ఆయనవి తెల్లటి మెత్తని పోగులు. గుప్పెళ్లకొద్దీ పడేవి. వాటిని చెత్తబుట్టలో వేస్తూ పళ్లు కొరుక్కోవడం ఆమెకి గుర్తొచ్చింది. ముఖం తిప్పుకోవాలనిపించింది గానీ తిప్పుకోలేదు. అంతసేపు అన్నేసి మాటలు పడ్డా భుజం మీద ఒక్క పోగూ లేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అంది.

"ఈ షాపు నాకు వదిలెయ్యండి. నా పద్ధతిలో నడుపుతాను. ముందు ఆయన్ని పిలవండి. నా చేత పిలిపించడం కాదు, మీరే పిలవండి."

నంబరు ఆ పిల్లే కలిపి ఇచ్చింది. అవతల గంట మోగినంతసేపూ పెద్ద మేడమ్ ఫోను చెవికి నొక్కిపట్టుకుని ఉంది. కాసేపటికి ముసలిగొంతు "ఎవరండీ?" అంది. స్పష్టంగా వినపడింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది.