నేరేడు రంగు బ్యాగు

మా మనుమరాలు క్రిస్టినా నెల్లూరు వెళ్ళడానికి ఒకే ఒక షరతు పెట్టింది. తల్లి చీరతో కుట్టిన బ్యాగు వీపున ఉంటేనే గడప దాటుతానన్నది.

ఆ తల్లి మా ఏకైక కుమార్తె స్వర్ణలత. గుడివాడలో ఉపాధ్యాయినిగా పనిచేస్తూ, నిరుడు డెంగీ జ్వరంతో కన్నుమూసింది. అప్పటినుండి పిల్ల మచిలీపట్నంలో మా వద్దనే ఉన్నది. అల్లుడు జాన్సన్ ఈ వేసవిలో మళ్ళీ వివాహం చేసుకున్నాడు. అందులో తప్పుపట్టవలసినదేమీ లేదు. ఆ వివాహ ఆరాధనలో బైబిలు వాక్యం చదివినవాడిని నేనే. బడులు తెరిచేలోగా బిడ్డను నెల్లూరు తీసుకొనిపోతానని అతడు కబురు చేశాడు. తొమ్మిదేళ్ళ క్రిస్టినా ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. నా ఫోనులో, పాత బట్టలతో బ్యాగులు కుట్టే వీడియో ఒకటి వెతికి పట్టుకొని అమ్మమ్మ ఎదుట నిలబడింది.

"అమ్మ నేరేడు రంగు చీర ఉందిగా, దాంతో ఇలాంటిది కుట్టు అమ్మమ్మా. అక్కడ ఆంటీవాళ్ళ ఇంట్లో అమ్మది ఒక్కటి కూడా ఉండదు."

"అలాగే తల్లీ," అన్నది నా భార్య రాజమ్మ.

ఆ చీర మా ఇంట లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. చనిపోయినవారి బట్టలు బీరువాలో దాచుకోవడం మా కుటుంబాలలో లేదు. జ్ఞాపకార్థ కూటం జరిగేలోగానే పేదలకు పంచివేస్తాము. కూతురు పోయిన రోజుల్లోనే వచ్చిన తుపాను తరువాత మా చర్చి సంఘం దివిసీమకు సహాయం పంపినప్పుడు, రాజమ్మ స్వర్ణలత చీరలన్నింటినీ ఉతికి, మడతపెట్టి, మూటగట్టి పంపింది. అవి హంసలదీవి దగ్గరి జాలరి పల్లెకు చేరాయి.

"ఇచ్చినదాన్ని తిరిగి అడగడం మర్యాద కాదు," అన్నాను.

"మర్యాద మీరు చూసుకోండి. చీర నేను చూసుకుంటాను," అని ఆమె బదులుగా ఇవ్వడానికి ఒక కొత్త చీర సంచిలో పెట్టుకొని బయలుదేరింది. ఆమెను ఒంటరిగా పంపలేక నేనూ బస్సెక్కాను.

పల్లెలో సంఘపెద్ద చూపిన ఇంటి వాకిట్లోనే ఆ చీర కనిపించింది. వసారా దూలానికి కట్టిన ఉయ్యాలగా వేలాడుతున్నది. లోపల నెలల పసికందు నిద్రపోతున్నది.

"రండమ్మా, రండి బాబుగారూ. కాస్త మెల్లగా మాట్లాడండి, మహారాణి ఇప్పుడే పడుకుంది," అన్నది ఆ ఇంటి యువతి, నవ్వుతూ పీట వాల్చి.

"ఈ చీర..." అన్నది రాజమ్మ.

"తుపాను సాయంలో వచ్చిందండి. ఏ మహాతల్లిదో! వేరే దాంట్లో పడుకోబెడితే ఈ పిల్ల ఊరంతా లేపుద్దండి. మా ఆయన వలైనా చిరిగింది గానీ ఈ చీర మాత్రం చిరగలేదు. పని మీదొచ్చారా అండి?"

"లేదమ్మా. సముద్రం చూద్దామని వచ్చాం."

మా ఇన్నేళ్ళ దాంపత్యంలో రాజమ్మ నోట అబద్ధం వినడం అదే మొదలు. ఆమె ఉయ్యాల అంచు పట్టుకొని ఒక్కసారి మెల్లగా ఊపింది. తెచ్చిన కొత్త చీరను ఆ యువతి చేతిలో పెట్టి, పాపకు అమ్మమ్మ ఇచ్చిందనుకోమని చెప్పి, వెనుదిరిగి చూడకుండా నడిచింది.

బస్సు మచిలీపట్నం దారి పట్టాక ఆమె అన్నది.

"నాదొకటి ఉంది కదండీ."

నిజమే. పెడనలో ఒకే దుకాణంలో, ఒకే అద్దకంలో, తల్లీకూతుళ్ళు రెండు చీరలు కొన్నారు. "ఇద్దరం ఒకేలా కట్టుకెళ్తే మా బడి పిల్లలు నన్నూ అమ్మమ్మా అంటారే!" అని స్వర్ణలత ఆనాడు దుకాణంలో అందరినీ నవ్వించింది. కూతురి చీర వాడకంలో మెత్తబడింది; తల్లి చీర పెట్టెలో కొత్తగానే ఉండిపోయింది.

"పిల్లకు ఏమని చెప్తావు?"

"చీర అని చెప్తాను."

"ఎవరి చీర అని?"

"అడిగితే అప్పుడు చూద్దాం లెండి. మీరు మాత్రం అక్కడ నిలబడి హెడ్మాస్టరులాగా గొంతు సవరించుకోకండి."

మరునాటి నుండి ఆమె తన చీరను పాతదానిలా మార్చడం మొదలుపెట్టింది. సోడా వేసి ఉడికించింది. బండమీద బాదింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేసి మళ్ళీ తడిపింది. రంగు వెలిసి, గంజి వదిలి, బట్ట చేతికి మెత్తగా తగిలేదాకా విడిచిపెట్టలేదు. బ్యాగు అడుగుభాగానికి గట్టి గుడ్డ కావాలన్నది. గుడివాడలో రోడ్డు పక్కన పాత బట్టల కుప్పలో ఒక జీన్సు ప్యాంటు ఏరి తెచ్చాను. జిప్పు, భుజాల పట్టీల బకిల్సు పాత సామాన్ల కొట్టులోని చిరిగిన కాలేజీ బ్యాగు నుండి ఊడదీశాము. లోపలి గుడ్డకు నా ప్యాంటు ఒకటి పోయింది. చీరకు కత్తెర పెట్టేముందు రాజమ్మ కళ్ళు మూసుకొని ప్రార్థించింది. ఏమని ప్రార్థించిందో నేను అడగలేదు.

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత జాన్సన్ వచ్చాడు. స్టేషనుకు వెళ్ళి రైలు ఎక్కాలి. ఆటో గుమ్మం ముందే ఆగి ఉన్నది. క్రిస్టినా బ్యాగు తగిలించుకొని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. బట్టను బుగ్గకు ఆనించుకున్నది. ఆ తరువాత, అమ్మమ్మను కాదు, నన్ను అడిగింది.

"తాతయ్యా, మీరు చెప్పండి. ఇది అమ్మదేనా?"

రాజమ్మ కిందికి వంగి దారపు ముక్కలు ఏరుతున్నది.

"అవునమ్మా," అన్నాను.

పిల్ల ముఖం వెలిగిపోయింది. వెంటనే బ్యాగును ఒళ్ళో పెట్టుకొని వెతకడం ప్రారంభించింది. ముందు అర, పక్కలు, పట్టీల అడుగు, అన్నీ తిప్పి చూసింది.

"మచ్చ ఏది?"

"ఏ మచ్చ తల్లీ?" అన్నది రాజమ్మ.

"నేను ఇస్త్రీ చేస్తానని కాల్చేశాగా! గోధుమరంగు మచ్చ. అమ్మ తిట్టలేదు అమ్మమ్మా. ఇది నా బంగారం వేసిన ముద్ర అని, దాన్ని కుచ్చిళ్ళలో దాచేసి బడికి కట్టుకెళ్ళేది. నాకూ అమ్మకే తెలుసు."

రాజమ్మ, కుట్టుపని తెలిసిన ఏ స్త్రీ అయినా చెప్పగల మాటే చెప్పింది.

"కాలిన గుడ్డ నిలవదని... ఆ ముక్క కత్తిరించేశాను."

"అదే కదా నాక్కావాల్సింది! ఎక్కడ పడేశావు?"

కుట్టుమిషను కింద కత్తిరింపుల బుట్ట ఉన్నది. క్రిస్టినా దాన్ని నేలమీద బోర్లించి, ఒక్కొక్క ముక్కనూ వెలుగుకు పట్టి చూడసాగింది. రాజమ్మ కూడా ఆమె పక్కన చతికిలబడి వెతకడం మొదలుపెట్టింది. లేని ముక్క కోసం అమ్మమ్మ చేతులు అంత శ్రద్ధగా కదలడం నేను చూడలేకపోయాను. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఆ పిల్ల వీపున మిగిలేది నా ప్యాంటు, ఎవరిదో జీన్సు, అమ్మమ్మ చీర. తెరిచిన నోరు మూసుకున్నాను.

"క్రిస్టీ, బండి తప్పిపోద్దమ్మా," అన్నాడు జాన్సన్ గుమ్మంలో నుండి. ఆటో హారను మోగింది.

పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, నేలమీది ముక్కలన్నిటినీ గుప్పిళ్ళతో బ్యాగులోకి కుక్కింది. అంగుళం ముక్కను కూడా వదలలేదు. జిప్పు లాగింది.

"రైల్లో వెతుక్కుంటాను తాతయ్యా. దొరకంగానే ఫోన్ చేస్తా. నువ్వేం బాధపడకు అమ్మమ్మా, పారెయ్యలేదుగా."

ఆటో కదిలింది. రాజమ్మ గుమ్మం పట్టుకొని చెయ్యి ఎత్తింది. వెనుక సీట్లో క్రిస్టినా అప్పటికే జిప్పు తెరిచి, తల వంచి, ముక్కలు ఏరుతున్నది. వీధి మలుపు తిరిగేవరకు తల ఎత్తలేదు. మాకు చెయ్యి ఊపడం కూడా మరచిపోయింది.