మంగళవారం తలంటు

ఫ్యాను ఆపవద్దని గుణశేఖరన్ చెప్పడం అది నాలుగోసారి. ఊడవాలంటే ఆపక తప్పదని అతని భార్య అముద చెప్పడం అయిదోసారి. హాలు మధ్యలో పాత పేపరు మీద ఎర్రటి గరాటులాంటి వస్తువొకటి బోర్లించి ఉంది. కారు ఇంజను గాలి పీల్చుకునే ఫిల్టరు అది. పొద్దున దాన్ని ప్రత్యేకమైన మందుతో కడిగారు. ఎండలో పెట్టకూడదట. జుట్టు ఆరబెట్టే మిషను చూపించకూడదట. నీడలో, తనంతట తానే ఆరాలట. కూతురు దీపా పుట్టినప్పుడు పది నిమిషాలు ఉయ్యాల పక్కన కూర్చోమంటే కునుకు తీసిన మనిషి, ఇప్పుడు అరగంటకోసారి వంగి ఫిల్టరు మడతలు వేలితో తడిమి చూస్తున్నాడు.

"ఊడిస్తే దుమ్ము లేస్తుంది" అన్నాడు.

"దుమ్ము పట్టుకునేదానికే గదా అది ఉండేది?"

గుణశేఖరన్ మళ్ళీ వంగి ఫిల్టరు తడిమాడు. సాంకేతిక విషయాలు ఇంట్లో ఆడవాళ్ళతో చర్చించడం అతని అలవాటు కాదు.

ఆరోజు మంగళవారం. అముదకు కావలసింది ఒక్కటే. రేపు పొద్దున తొమ్మిదికల్లా ఆ కారు తనను బాహూరు ఆరోగ్య కేంద్రంలో దించాలి. బుధవారం పసిపిల్లలకు టీకాలు వేసే రోజు. ఆ పని బాధ్యత పదకొండేళ్ళు నర్సుగా చేసిన తరువాత ఆమె చేతికి వచ్చింది. ఇప్పటికే రెండు బుధవారాలు ఆలస్యంగా వెళ్ళింది. మూడోసారి ఆలస్యమైతే బాధ్యత పరిమళకు ఇవ్వవలసి వస్తుందని డాక్టరమ్మ మర్యాదగానే చెప్పింది. పరిమళ ఆస్పత్రి పక్క వీధిలోనే ఉంటుంది, నడిచి వస్తుంది, ఆమె నడకకు ఫిల్టరు అక్కరలేదు.

మొదటి ఆలస్యం, కంపెనీవాళ్ళు అమర్చిన గాలి ఫిల్టరు నల్లపెట్టె తీసేసి మెరిసే పైపూ ఈ ఎర్ర ఫిల్టరూ బిగించిన వారంలో జరిగింది. ఆదివారం రెండు గంటల్లో అయిపోతుందన్న పని బుధవారం దాకా సాగింది. రెండో ఆలస్యం, అరియాంకుప్పం వంతెన దాటాక కారు ఆపి, బానెట్ ఎత్తి, తెలిసిన ఒకాయనకు ఆ పైపు చూపించడం వల్ల. దానివల్ల ఇంజనుకు అయిదు గుర్రాల బలం పెరిగిందట. ఆ అయిదు గుర్రాలూ రోజూ నెల్లితోపు ట్రాఫిక్‌లో టౌన్ బస్సు వెనక వరుసగా నిలబడుతున్నాయి.

అముదకు లైసెన్సు ఉంది, ఆరేళ్ళుగా పర్సులో భద్రంగా ఉంది. కారు కూడా ఆమె పేరు మీదే ఉంది. కానీ ఆ క్లచ్చు తన కాలికి మాత్రమే లొంగుతుందని గుణశేఖరన్ నమ్మకం.

సాయంత్రానికి ఫిల్టరు ఆరింది. ఇప్పుడు దానికి నూనె పట్టించాలి. జిడ్డు ఉంటేనే అది దుమ్మును పట్టుకుంటుంది. అయితే ఫిల్టరు కిట్టుతో వచ్చిన నూనె సీసా ఖాళీ. కొత్తది గురువారం వస్తుంది. ఒక్కరోజుకు పాత నల్లపెట్టె బిగించమని అముద అడిగితే అతని ముఖం చిన్నబోయింది. మూలకుళంలో మెకానిక్ చిన్నదురైకి ఫోను చేస్తే అతనూ అదే చెప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇంజన్లు విప్పడం తప్ప ఒక్క వీడియో కూడా చూడనివాడి మాట ఎలా వినడం?

ఈ గొడవలో గుణశేఖరన్ తల్లి పాప్పాకు వినబడింది నూనె అన్న మాట ఒక్కటే. ఆ ఇంట్లో మగవాళ్ళకు శనివారం, ఆడవాళ్ళకు మంగళవారం, శుక్రవారం తలంటు. ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచీ అంతే. ఈ పైపు చల్లగాలి తెచ్చి ఇంజను వేడి తగ్గిస్తుందని నెల రోజులుగా వింటోంది. వేడిని, ఆమె మాటలో సూడును, తగ్గించే విద్య ఆమెకు తెలియనిదా?

"సూడు తగ్గేదానికి నువ్వుల నూనె కన్నా ఏంది ఉంది గుణా? మిరియాలు, జీలకర్ర ఏసి కాచిస్తా."

గుణశేఖరన్ ఆలోచనలో పడ్డాడు. అతని సందేహం నూనె గురించి కాదు.

"ఈ దినం మంగళవారం గదమ్మా."

"బండి ఎవురి పేర్లో ఉంది? అముద పేర్లో గదా. అప్పుడు అది ఆడదే. ఈ దినమే మంచిది."

కిట్టులోని కాగితం మీద అలా రాయలేదని దీపా నవ్వుతూ చెప్పింది. వద్దని అముద నవ్వకుండా చెప్పింది. ఇద్దరి మాటా ఎవరూ వినలేదు. పాప్పా నూనె కాచి గుడ్డలో వడగట్టింది. గుణశేఖరన్ మడత మడతకూ పట్టించి, బాగా ఇంకాలని అరగంట ఆగి, కారుకు బిగించాడు. సీకాయ ఒక్కటే రుద్దలేదు.

పొద్దున కారు ఉరుముతూ బయలుదేరింది. కారు నిండా మిరియాల వాసన. పికప్ పెరిగిందని గుణశేఖరన్ రెండుసార్లు అన్నాడు. తవళకుప్పం దగ్గర కారుకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. స్టీరింగు ఎదురుగా పసుపు హెచ్చరిక లైటు వెలిగింది, నాలుగు కుదుపులతో బండి ఆగిపోయింది. ఇంజను ఆ నూనెను పైపు లోపలికి లాక్కోవడంతో, గాలిని కొలిచే సెన్సరుకు కూడా తలంటు అయింది. గుణశేఖరన్ బానెట్ ఎత్తాడు. దారిన పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. అతను వాళ్ళకు అయిదు గుర్రాల సంగతి వివరించడం మొదలుపెట్టాడు. అముద సంచీ తీసుకుని బస్సు కోసం నడిచింది.

ఆస్పత్రి చేరేసరికి తొమ్మిదీ యాభై. తల్లులు పిల్లలను ఒళ్ళో వేసుకుని వరుసగా కూర్చున్నారు. పరిమళ టీకాల పెట్టె తెరిచి పని మొదలుపెట్టి ఉంది. డాక్టరమ్మ అందరి ముందూ ఏమీ అనలేదు. చివరి బిడ్డ ఏడుపు ఆగాక అముదను పిలిచి, ఇంట్లో అందరూ బాగున్నారా అని ముందు అడిగింది. తరువాత, మూడోసారి మాట తాను మరిచిపోలేదని, అయినా వచ్చే బుధవారం వరకు ఆగుతానని, ఆ రోజు ఎనిమిదీ ముప్పావుకు కనబడకపోతే ఇంక బుధవారాలు పరిమళవేనని చెప్పింది. ఆలస్యానికి కారణం అడిగింది. కారుకు తలంటు పోశామని అముద చెప్పలేకపోయింది. బస్సు దొరకలేదంది.

డ్యూటీ దిగాక ఆమె ఇంటికి పోలేదు. మూలకుళం వెళ్ళింది. గుణశేఖరన్ కారును అక్కడ చిన్నదురై షెడ్డుకు లాగించి ఆఫీసుకు పోయాడు. చిన్నదురై సెన్సరు కడిగి ఆరబెట్టాడు. తన సర్వీసులో వడల వాసన వచ్చిన ఇంజను ఇదే మొదటిదన్నాడు. నల్లపెట్టె తిరిగి బిగించమని అముద చెప్పింది. సార్‌తో ఒక మాట చెప్పనా అక్కా అని అతను ఫోను తీశాడు. అముద స్టూలు లాక్కుని కూర్చుని, ఆఖరి మర బిగించేదాకా కదలలేదు. తరువాత తానే స్టీరింగు ముందు కూర్చుంది. దారిలో బండి రెండుచోట్ల ఆగింది, వెనకవాళ్ళు హారన్లు మోగించారు, ఒక ఆటోవాడు ఏదో అన్నాడు. క్లచ్చు మాత్రం ఆమె కాలు కింద మామూలుగానే దిగింది, మామూలుగానే లేచింది.

రాత్రి అన్నాల దగ్గర గుణశేఖరన్ సెన్సరు నాణ్యత మీద మాట్లాడుతున్నాడు. నూనె కొంచెం తక్కువ కాచానేమోనని పాప్పా అనుమానం. అముద అందరికీ చారు పోసి, తానూ కూర్చుని, అన్నం కలుపుతూ అంది.

"రేపటి నించి బాహూరికి నేనే తోలుకొని పోతా. ఏడున్నరకు బయలుదేరతా. పైపు తీయించేసినాను, అది డిక్కీలో ఉంది, మీరు ఎత్తిపెట్టుకోండి. ఆఫీసుకు టౌన్ బస్సులో పొండి."

గుణశేఖరన్ తల్లి వైపు చూశాడు. పాప్పా కంచం వైపు చూసింది.

"క్లచ్చు..." అన్నాడతను.

"చూసుకుంటా" అని, అముద అప్పడాల పళ్ళెం దీపా వైపు జరిపింది.