జానకు ముప్పావు అంగుళం

పోటీ రేపనగా మా పెద్దమ్మ నా బండిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా బండి కాదు" అనేసింది.

ఆరు వారాలు కూర్చుని చేసిన బండి అది. మా పెద్దమ్మ భూదేవి తార్నాకలో ఒక బేకరీలో పనిచేసేది. వాళ్లకో మూడు చక్రాల టెంపో ఉండేది. ముందు ఒకటే చక్రం, దానిమీద పొడుగాటి ముక్కు, వెనక రొట్టెల డబ్బా. పద్నాలుగేళ్లు రోజూ పొద్దున్నే దాన్లో ట్రేలు ఎక్కించింది మా పెద్దమ్మే. ఎక్కించి, తలుపు వేసి, డబ్బా మీద అరచేత్తో రెండు సార్లు చరిచేదట. ఆ రెండు దెబ్బలు వినపడితేనే డ్రైవర్ బాలస్వామి బండి కదిలించేవాడట.

ఇప్పుడు ఆ బేకరీ లేదు, బండీ లేదు. కనీసం ఒక ఫొటో కూడా లేదు. మా ఇంజనీరింగ్ కాలేజీలో పాతకాలపు సరుకుల బండ్ల నమూనాల పోటీ పెట్టగానే నేను ఈ బండినే చేస్తానని పేరిచ్చాను. రెడీమేడ్ కిట్లు వాడకూడదు, ప్రతి ముక్కా చేత్తోనే చేయాలి. దానికి నేను భయపడలేదు. సన్‌బోర్డు అట్ట కోసి డబ్బా కట్టాను. తెగిన హవాయి చెప్పులు చక్రాలయ్యాయి. మాత్రల షీటు బుడగలు దీపాలయ్యాయి. కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో తలుపు గడియ చేసిన రోజు ఆ గడియను ఓ వందసార్లు వేసి తీశాను.

భయమంతా రెండో నియమంతోనే. నమూనా కచ్చితమైన స్కేలులో ఉండాలి, కొలతలకు ఆధారం చూపాలి. లేదంటే పోటీలోంచి తీసి అలంకరణ బొమ్మల వరుసలో పెడతారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇంజనీరునని చెప్పుకుంటూ, చేసింది బొమ్మ అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

కొలతలు పెద్దమ్మే చెప్పింది. "రోజు లోపట కాగితం పరుస్తుంటి. జానలు పెట్టి కత్తిరిస్తుంటి. మర్చిపోతనా?" అంది. డబ్బా వెడల్పు ఆరు జానలు, పొడుగు తొమ్మిది, చక్రం ఎత్తు రెండు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. జాన అంటే తొమ్మిది అంగుళాలని బడిలో చదివిందే. అసలు బండిలో అడుగు, నా బండిలో అంగుళం. ఆ లెక్కన డబ్బా వెడల్పు నాలుగున్నర అంగుళాలు వచ్చింది. బేకరీ మూసేసినప్పుడు ఇచ్చిన ఒక రేకు ట్రే ఇంకా ఇంట్లో ఉంది. పెద్దమ్మ దాన్లో వడియాలు ఎండబెడుతుంది. దాన్ని మాత్రం టేపు పెట్టి కొలిచాను. పొడుగు ఇరవై మూడున్నర అంగుళాలు.

ఆ పొద్దున పెద్దమ్మ నా చిన్న ట్రేలు రెండు పక్కపక్కన డబ్బాలో పెట్టి, బండిని కొంచెం ఊపింది. ట్రేలు టకటకమని అటూ ఇటూ కొట్టుకున్నాయి.

"గిట్ల కొట్టుకుంటుండెనా? మలుపు కాడ బన్లన్ని కింద పడకపోవునా? రెండు ట్రేలు పెడితే మధ్యల చిటికెన వేలు గూడ దూరకపోతుండె. ఇది మా బండి కాదు బిడ్డా."

"కొంచెమే గద పెద్దమ్మా వదులు."

"గాజులు గూడ కొంచెం వదులైతేనే జారిపోతయి."

తలుపైనా వేయకుండా లేచి పొయ్యి దగ్గరికి పోయింది. హబ్సిగూడ నుంచి నాకు సాయం వచ్చిన నా క్లాస్‌మేట్ నవత మాత్రం తాపీగా ఉప్మా తింటోంది.

"ట్రేలు పెద్దగ చేసెయ్యవే. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది. టేపు పెట్టి కొలిచింది అదొక్కటే."

"అయితే డబ్బా చిన్నగ చెయ్యి."

"ఒక్క రోజుల ఎట్లయితదే?"

నాకు ఏడుపొచ్చేలా ఉంది. "పెద్దమ్మా, నిజంగ ఆరు జానలేనా?" అని మళ్లీ అడిగాను. ఆమెకు కోపమొచ్చింది. వచ్చి నేల మీద చెయ్యి పరిచి, బొటనవేలు, చిటికెన వేలు మార్చి మార్చి పెడుతూ కొలిచింది. "ఒకటి, రెండు, మూడు... ఆరు. చాలా? ఇంకా కొల్వాల్నా?"

ఆరో జాన ఆగిన చోటు దాకా టేపు పెట్టాను. యాభై నాలుగు అంగుళాలు ఉండాలి.

నలభై ఎనిమిదే ఉంది.

మళ్లీ వేయించాను. మళ్లీ నలభై ఎనిమిదే. ఆమె చెయ్యి పట్టుకుని టేపు మీద పరిచాను. సరిగ్గా ఎనిమిది అంగుళాలు! ఆరు వారాలు ఒకే ఇంట్లో ఉండి, ఆ చేత్తో పెట్టిన అన్నం తింటూ, నేను లెక్కలు వేసింది మాత్రం బడి పుస్తకంలోని చేత్తో.

నోటుబుక్కు మీద పడ్డాను. బండిలో ప్రతి కొలతా ఆ చెయ్యి కొలిచిందే. నా బండిలో ప్రతి జానకూ ముప్పావు అంగుళం వచ్చింది. అంటే బండి ఆకారం ఎక్కడా చెడలేదు, నేను రాసిన స్కేలు ఒక్కటే తప్పు. టేపుతో కొలిచిన ట్రేలను ఆ తప్పు స్కేలుకు తగ్గించినందుకే అవి చిన్నవయ్యాయి.

"బండికేం కాలేదే! ట్రేలే పెద్దగ చెయ్యాలె!" అని అరిచాను.

నవత ప్లేటు కింద పెట్టింది. "నేనేమన్ననే ఇందాక? ఫస్ట్ ప్రైజ్ నాకే ఇయ్యాలె."

సాయంత్రానికి పద్నాలుగు ట్రేలు కోశాం. ఒక్కోటి పొడుగు రెండుంబావు అంగుళాలకు పిసరంత తక్కువ. నోటుబుక్కు, స్కేలు, బ్లేడు ఒకరి చేతిలోంచి ఒకరు గుంజుకుంటూ, నవ్వుకుంటూ కోశాం. పెద్దమ్మను చూడనివ్వలేదు.

మర్నాడు ముగ్గురం ఆటోలో కాలేజీకి పోయాం. వడియాల వాసన పోని అసలు ట్రే పెద్దమ్మ ఒళ్లో, బండి నా ఒళ్లో.

పక్క బల్లల మీద ప్రింటు తీసిన డ్రాయింగులు, రంగుల ఫొటోలు. నా బల్ల మీద ఒక్క అట్టముక్క. న్యాయనిర్ణేత నరహరి సార్ దాన్ని పైకే చదివారు. "స్కేలు: భూదేవి జానకు ముప్పావు అంగుళం. భూదేవి ఎవరమ్మా?"

"నేనే సారూ," అంది పెద్దమ్మ.

"నిష్పత్తిలో చెప్పాలి కదా?"

"మూడుకు ముప్పై రెండు సార్," అన్నాను.

"కొలతలకు ఆధారం?"

"మా పెద్దమ్మ చెయ్యి సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు. "ఆ పని మానేసి ఎన్నేళ్లయిందమ్మా?"

"ఇరవై ఆరేండ్లు."

"మరి ఇన్నేళ్ల కిందటి జానలు ఇప్పుడెట్ల నమ్మాలె?"

అదుగో బొమ్మల వరుస, కిటికీ పక్కనే. పెద్దమ్మ మాత్రం ట్రే తీసి బల్ల మీద పెట్టింది. "ఈ ట్రే మూడు జానలకు వేలు మందం తక్కువుంటుండె. బండిల మూడు జానల జాగల ఒక ట్రే. టేపు నువ్వే పట్టు సారూ."

చెయ్యి పరిచింది. ఒకటి. రెండు. మూడో జాన ట్రే అంచు దాటి సరిగ్గా ఒక వేలి మందం బయటికొచ్చింది.

సార్ ట్రేను కొలిచారు. పెద్దమ్మ చేతిని కొలిచారు. నా డబ్బాను లోపల కొలిచారు. చిన్న ట్రేలు రెండు తీసుకుని తనే పక్కపక్కన పెట్టి ఊపారు. కదల్లేదు. మధ్యలో వేలుగోరు దూర్చి చూశారు. దూరలేదు.

ఫారంలో ఆధారం అన్నచోట 'చెయ్యి. స్వయంగా కొలిచి చూశాను' అని రాసి సంతకం పెట్టారు. "మీరు పోటీలో ఉన్నారు" అని బల్లకు పదిహేడో నంబరు అంటించారు. నవత నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఇప్పటికీ మంట గుర్తుంది.

నేను పెద్దమ్మ వైపు తిరిగేసరికి ఆమెకు మేమెవరమూ కనబడటం లేదు. మిగిలిన ట్రేలు ఒక్కొక్కటే ఎక్కిస్తోంది. కింద రెండు, వాటి మీద రెండు, ఏడు వరుసలు. తలుపు మూసింది. గడియ వేసింది. రెండు వేళ్లతో డబ్బా మీద టక్, టక్ అని కొట్టింది.

"పోనియ్యి బాలస్వామీ!"

చెప్పుల చక్రాల మీద బండి నిజంగానే కదిలింది. బల్ల అంచు దాకా వచ్చింది. నేను ఉరికి పట్టుకున్నాను.