పన్నెండు ఆదివారాల కొలత

డాక్టరమ్మ అరచెయ్యి ఎడమకంటికి అడ్డం పెట్టగానే చంటిది కెవ్వుమంది. తల అటూ ఇటూ తిప్పి, బుల్లి చేతులతో ఆ చేతిని నెట్టేసింది. చెయ్యి తీసి ఈసారి కుడికంటికి అడ్డం పెట్టారు. పిల్ల ఏడుపు ఆపి, ఆమె మెళ్లో వేలాడే గొట్టంకేసి చూస్తూ ఊరుకుంది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే.

తల్లి నవ్వింది. "ఇటుపక్క మూస్తే ఏమీ అనట్లేదు చూశారా? పౌరుషమంతా అటుపక్కే దీనికి."

డాక్టరమ్మ నవ్వలేదు.

ఆ తల్లిది బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కోసే పని. పదకొండేళ్ల నుంచీ అదే బల్ల. అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆమె కత్తెరక్క. నలభై పొరలు పరిచి కోసినా పైపొరకీ అడుగుపొరకీ వెంట్రుకవాసి తేడా రానివ్వదని పేరు. కాన్పయిన మూడోవారంలో పిల్ల కుడికంటి రెప్ప మీద దోమ కుట్టినంత ఎర్రచుక్క లేచింది. ఆరోవారానికి చొక్కా గుండీ అంతయింది. "కడుపుతో ఉండి ఎర్రగుడ్డలు కోసింది, మచ్చ రాక ఏం వస్తుంది?" అని అత్తగారు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది. మొగుడు లారీ ఎక్కితే పదిరోజులకి గానీ దిగడు. అతనికి ఎవరేం చెబితే అదే నిజం.

అప్పుడొకసారి ఈ ఆసుపత్రికే తెచ్చింది. "ఇది సన్న రక్తనాళాలు గుంపుకట్టిన మచ్చ. మొదటి నెలల్లో గబగబా పెరుగుతుంది. ఇంకెక్కడైనా ఉంటే దానంతటదే పోతుందని వదిలేసేవాళ్లం. రెప్ప మీదుంది కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి. రెండు వారాలకోసారి బుధవారం తీసుకురా" అన్నారు డాక్టరమ్మ.

బుధవారం ఫ్యాక్టరీలో గుడ్డ చుట్టలు దిగే రోజు. "నువ్వు మానేస్తే నలభై మిషన్లు చేతులు ముడుచుకు కూర్చుంటాయి. వారం హాజరు బోనసూ పోగొట్టుకుంటావు" అన్నాడు సూపర్వైజరు. ఆ బోనసుతోనే ఇంట్లో వారం కూరగాయలు వస్తాయి. తర్వాత ఆయన జాలి కూడా పడ్డాడు. "అయినా కొలతల్లో నిన్ను మించినవాళ్లెవరమ్మాయ్? ఇంట్లోనే కొలుచుకో. పెరిగిందనిపిస్తే అప్పుడే వెళ్దువుగాని." సలహాకి ఖర్చేముంది, ధారాళంగా ఇచ్చాడు. ఆమెకి మాత్రం అది సలహాలా వినపడలేదు, మెప్పులా వినపడింది. ఇంటికి వెళ్లేటప్పుడు నమూనాలు గీసే పల్చటి కాగితం ఒక మూర చింపి పట్టుకెళ్లింది.

ఇప్పుడు ఆ కాగితాలే సంచీలోంచి తీసి బల్ల మీద వరసగా పరిచింది. పన్నెండు ముక్కలు, ఆదివారానికొకటి. పిల్ల నిద్రపోయాక రెప్ప మీద కాగితం పెట్టి, మచ్చ అంచు వెంబడే పెన్సిలుతో గీసినవి. ప్రతిదాని మీదా తారీకు వేసి ఉంది.

"చూడండి మేడమ్. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినా తేడా లేదు. అందుకే రాలేదు. మొన్నటినుంచి ఆ రెప్ప కాస్త బరువుగా దించుతోందని తీసుకొచ్చాను."

డాక్టరమ్మ అన్ని కాగితాలూ చూశారు. "గీసేటప్పుడు కాగితం నొక్కి పట్టావా?"

"నొక్కకపోతే కదిలిపోతుంది కదండీ."

"ఇలా రా. పైనుంచి కాదు, పక్కనుంచి చూడు."

పిల్లని వెలుతురుకేసి పక్కకి తిప్పారు. కత్తెరక్క వంగి చూసింది. మచ్చ రెప్ప మీంచి శనగగింజంత ఎత్తున లేచి ఉంది. డాక్టరమ్మ దాన్ని వేలితో మెత్తగా అదిమితే పాలిపోయి అణిగింది. వేలు తీయగానే ఎర్రగా మళ్లీ పొంగింది.

గుడ్డకి పొడుగూ వెడల్పూ ఉంటాయి. ఎత్తు కొలవమని పదకొండేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు.

"కన్ను లోపల బాగానే ఉందమ్మా. కానీ పసిపిల్లలకి చూడ్డం కూడా నేర్చుకునే పనే. నేర్చుకోవాల్సిన రోజుల్లో ఈ బరువు రెప్పని కిందికి లాగేసింది. అందుకే ఆ కన్ను మూసినా దీనికి తేడా తెలియట్లేదు. ఇవాళే మందు మొదలుపెడదాం, మచ్చ తగ్గుతుంది. చూపు ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను."

"మొదట్లోనే వచ్చుంటే?"

డాక్టరమ్మ మందుచీటీ ముందుకి లాక్కున్నారు. "మందు అప్పుడే వేసేవాళ్లం" అన్నారు.

"నేను ఎర్రగుడ్డలు కోసినందుకేనా?"

"కాదమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు. ఎవరో ఏదో చేస్తే వచ్చేది కాదిది."

మూడు నెలలుగా మోస్తున్న నింద అలా ఒక్క మాటతో దిగిపోయింది. అయినా ఆమెకి ప్రాణం తేలికపడలేదు. బల్ల మీద పన్నెండు కాగితాలూ అలాగే ఉన్నాయి, వాటి మీద తన చేతిరాతే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మొదటి మోతాదు అక్కడే వేసి, ఆ మందుకి గుండె నెమ్మదిస్తుందేమోనని రెండు గంటలు కనిపెట్టి చూసి పంపారు. ఇకమీద నెలరోజులు ప్రతి బుధవారమూ రావాలి.

ఫ్యాక్టరీకి చేరేసరికి మూడు దాటింది. పిల్లల గదిలో అప్పగించకుండా చంటిదాన్ని ఎత్తుకునే బల్ల దగ్గరికి నడిచింది. చుట్టలు దిగి ఉన్నాయి. మిషన్ల ముందు ఆడవాళ్లు ఖాళీగా కూర్చుని ఉన్నారు.

"ఏమన్నారు?" అన్నాడు సూపర్వైజరు.

"మందిచ్చారు."

"ఇంకేం, తగ్గిపోతుంది. వచ్చే బుధవారం మాత్రం ఇబ్బంది పెట్టకు. ఇన్నాళ్లలాగే ఇంట్లో కొలుచుకుంటూ ఉండు."

"కొలవను సార్."

ఆయనకి సరిగా వినపడలేదనుకుంటా. "ఏంటీ?"

"కొలవను. వచ్చే బుధవారం రాను. నెలరోజులు ఏ బుధవారమూ రాను."

"అయితే ఈ బల్ల మీదికి ఇంకోమనిషిని చూసుకోవాలి నేను."

"చూసుకోండి."

పిల్ల ఆకలికి సణిగింది. ఆమె గుడ్డ చుట్ట మీద కూర్చుని పైట అడ్డం వేసుకుంది. ఎప్పుడూ ఎడమవైపే పాలిచ్చేది, కుడిచెయ్యి పనికి ఖాళీగా ఉంటుందని. తాగుతున్నంతసేపూ పిల్ల ఎడమకన్ను తన మొహంకేసి చూస్తూ ఉండేది. ఆ చూపుకే మురిసిపోయింది ఇన్నాళ్లూ. ఇవాళ పిల్లని కుడివైపుకి మార్చింది. మంచికన్ను రొమ్ముకి ఆనింది. పైన ఉన్న కుడిరెప్ప సగం తెరుచుకుంది.

"సరుకు సాయంత్రానికి వెళ్లాలమ్మాయ్" అన్నాడు సూపర్వైజరు వెనకనుంచి.

ఆమె తలెత్తలేదు. మొహం బాగా కిందికి వంచి, రెప్ప సందులో కనిపిస్తున్న ఆ నల్లగుడ్డు ఎప్పుడు తనవైపు కదులుతుందా అని చూస్తూ కూర్చుంది.