పేరు పెట్టి పిలిచాను

మా అత్తింట్లో కోడళ్లు మొగుడి పేరు, మామ పేరు నోటితో అనకూడదు. ఈ ఆచారం పెట్టిన పెద్దమనిషి ఎవరో నాకు ఎదురుపడితే, ముందు వాడి పేరు అడిగి, ఆ పేరుతోనే నాలుగు తిట్లు తిట్టేదాన్ని.

నిరుడు ఉరుములు మొదలైనప్పుడు మా ఆయన గొర్రెలతో వేపచెట్టు కింద ఉన్నాడు. చేను అవతలి నుంచి "ఏమయ్యో, బయటికి రా" అని గొంతు చించుకున్నాను. అక్కడ నలుగురు మగవాళ్లున్నారు. ఏమయ్యో అంటే ఎవరని తిరుగుతారు? ఒక్కరూ తిరగలేదు. పిడుగు పడి మా ఆయన పోయాడు. ఆయన పేరు చంద్రప్ప. పోయాకే ఆ పేరు నా నోటికొచ్చింది.

ఈ ఏడు మేపు కోసం నేనూ మామా మందను తోలుకుని రొళ్ల నుంచి బయలుదేరాం. ధర్మవరం దాకా నడవాలి. హిందూపురం దాటాక, పెనుకొండ ఇంకా రాకముందే మబ్బు కమ్మింది. ఫోన్‌కు పిడుగుల హెచ్చరిక వచ్చింది. మామకు చదివి వినిపించాను.

"ఫోనుకేం తెలుస్తాది మే? ఆడ చింతచెట్టు ఉండాది చూడు. దాని మీద ముందే ఒకతూరి పడింది. మళ్లా పడదు," అన్నాడు. చెట్టు మొదలు ఒక పక్క నల్లగా కాలి ఉంది. ఎవరో పసుపు కుంకుమ కూడా పెట్టారు.

"పడదని నీకెవురు చెప్పినారు మామా? పల్లంలోకి పోదాం రా. ఆ దోటి పారెయ్."

"నాకే చెప్పొచ్చినావా?" అని, కొమ్మలు కోసే కొడవలి కట్టిన ఆ పొడవాటి దోటిని భుజాన వేసుకుని చెట్టు కిందికి నడిచాడు. గొర్రెలు ఎప్పటిలాగే ఆయన వెంట పోయాయి.

నేను నా దోటిని దూరంగా విసిరేసి, పల్లంలో పాదాలు దగ్గర పెట్టుకుని ముడుచుకున్నాను. మామా, మామా అని అరిచాను. తల తిప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మర్యాదకు ఇంకో మనిషిని బలి ఇచ్చేది లేదు. లేచి పల్లం అంచుకొచ్చి నిలబడ్డాను.

"ఒరేయ్ తిప్పన్నా! బయటికి రారా!"

మామ గిరుక్కున తిరిగాడు. దోటి పడేసి, కాలి చెప్పు తీసుకుని నన్ను కొట్టడానికి పరుగెత్తుకొచ్చాడు. మంద మొత్తం ఆయన వెనకే కదిలింది. పల్లంలోకి వెనక్కి నడుస్తూ ఇంకోసారి పిలిచాను. ఆయన చెప్పు ఎత్తాడు. అప్పుడే చింతచెట్టు మీద పిడుగు పడింది.

చెవులు దిమ్మెక్కాయి. చెట్టు కింద వెనకబడిన ముసలి గొర్రె ఒకటి చచ్చిపడి ఉంది. మామ చేతిలోంచి చెప్పు జారిపోయింది. "నాకు రొంత దూరంగా కూర్చో మామా, పాదాలు దగ్గరికి పెట్టుకో," అన్నాను. చెప్పినట్టే కూర్చున్నాడు.

ఉరుములు ఆగాక మెల్లగా నోరు విప్పాడు. "ఊర్లో ఎవురికీ చెప్పొద్దు మే."

"అందరికీ చెప్తా. మళ్లా చెట్టు కిందికి పోతే మళ్లా పిలుస్తా."

ఆయన చచ్చిన గొర్రె వైపు చూశాడు. "నా కొడుకును గూడా అట్లే పిలిచింటే బతికిండేవాడు," అన్నాడు.

"పిలవనిచ్చినారా మామా?" అన్నాను.