బాల్కనీలో పదకొండుగురు

సముద్రాన్ని చూడటానికి మనిషి అంత దూరం ఎందుకు పోవాలో మేస్త్రికి బస్సు ఎక్కినప్పుడూ అర్థం కాలేదు, దిగినప్పుడూ అర్థం కాలేదు. నీళ్ళు. వాటి అవతల ఇంకా నీళ్ళు. వాటికి ఎదురుగా వరసగా హోటళ్ళు, ఒకటి గులాబీ రంగు, ఒకటి పసుపు, ఒకటి నీలం, పెళ్ళికి ముస్తాబైన ముసలమ్మల్లా. ఉప్పుగాలికి ప్రతి గోడా పొక్కులు లేచింది, ప్రతి పొక్కు మీదా కొత్త రంగు పూశారు. రోడ్డు మధ్యలో ఎక్కణ్ణుంచో పెకలించి తెచ్చి పాతిన చెట్లు, ఒక్కోదానికి మూడేసి కర్రల ఊతం.

"సొంతంగా నిలబళ్ళేని చెట్లని కూడా షికారు తెచ్చారే!" అన్నాడు మేస్త్రి.

"మొదలెట్టాడమ్మా," అంది భార్య.

ఈ ప్రయాణం పెట్టినవాడు చెల్లెలి మొగుడు. ఇంట్లో అందరూ అతన్ని వెనకాల ఆఫీసరు అంటారు. ఆఫీసరేం కాదు, ఆఫీసరు గది బయట కూర్చుని లోపలికెళ్ళే వాళ్ళని ఆపడం అతని ఉద్యోగం. తన తల్లినీ, పెళ్ళాన్నీ, ఇద్దరు కొడుకుల్నీ, కోడళ్ళనీ, ఇద్దరు మనవల్నీ వెంటేసుకుని, బావగదా అని మేస్త్రి దంపతుల్ని కూడా లాక్కొచ్చాడు.

మేస్త్రి అంటే తాపీమేస్త్రి. ఆరో తరగతి మధ్యలో పలక దించి తాపీ పట్టాడు, నలభై అయిదేళ్ళుగా దాన్ని దించలేదు. ఆయన వంక పెట్టని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. చెల్లెలి కొత్తింట్లో కాలు పెట్టీ పెట్టకముందే "మూడో మెట్టు అరంగుళం ఎక్కువ లేచింది" అన్నాడు. లేచిన మాట నిజమే. ఆఫీసరు తల్లి రెండుసార్లు అక్కడే తట్టుకుంది కూడా. కానీ నిజం చెప్పేవాణ్ణి భోజనానికి ఎవడు పిలుస్తాడు?

హోటల్లో వాళ్ళ గదులు మూడో అంతస్తులో. మంచం మీద తువ్వాలుని హంసలాగా మడిచిపెట్టారు. మొహం తుడుచుకుంటే ఆ హంస చుక్క నీరు పీల్చలేదు. స్నానాలగదిలో నీళ్ళు కన్నం వైపు పోకుండా మంచం వైపు వచ్చాయి. "నీళ్ళకున్న తెలివి కూడా లేదు కట్టినవాడికి," అని గొణుక్కుంటూ బట్టలు మార్చుకుని ఆఫీసరు గదికి వెళ్ళాడు.

ఆ గదికి బాల్కనీ ఉంది. సముద్రం మీదకి తోసుకొచ్చినట్టుంటుంది. సాయంత్రం వెలుతురులో పదకొండుగురూ అక్కడ నిలబడి ఫొటో దిగాలని ఆఫీసరు నెల కిందటే తీర్మానించాడు. హోటలు ఫొటోగ్రాఫర్ని అయిదున్నరకి రమ్మన్నాడు కూడా.

మేస్త్రి గడప దగ్గరే ఆగిపోయాడు. గోడా బాల్కనీ గచ్చూ కలిసేచోట, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక చీలిక. దాన్ని ఎవరో తెల్లటి ముద్దతో పూడ్చారు. పూడ్చిన ముద్ద కూడా చీలింది. అంటే బాల్కనీ ఇంకా కిందికి జారుతూనే ఉంది. ఆయన కూర్చుని వేలి కణుపుతో తట్టాడు. డొల్ల. ఇంకో జానెడు పక్కన తట్టాడు. అక్కడా డొల్లే. గోడలోంచి వచ్చి బాల్కనీ బరువు మోసే ఇనప ఊచలు గచ్చు పైభాగంలోనే ఉంటాయి. ఉప్పునీళ్ళు దిగి అవే తుప్పు పట్టాయి.

"బావా, ఇందులో కాలు పెట్టకండి. ఇది ఊడుతుంది."

ఆఫీసరు పకపకా నవ్వాడు. "ఒక్క పూట ఓపిక పట్టాడు, చూశారా? నేను గంట అనుకున్నా!"

"హాస్యం కాదు. ఒకళ్ళిద్దరిని మోస్తుందేమో, పదకొండు మందిని మొయ్యదు."

"బావా, నువ్వు పుట్టి బుద్ధెరిగాక బాగుందన్న వస్తువు ఒక్కటి చెప్పు. ఒక్కటంటే ఒక్కటి. చెప్తే ఫొటో మానేస్తా."

మేస్త్రి నోరు తెరిచాడు. ఎంత వెతికినా ఒక్కటీ తట్టలేదు. కోడళ్ళు కిసుక్కుమన్నారు. చెల్లెలు కూడా మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. ఆ నవ్వు ఆయనకి ఎక్కడో గుచ్చుకుంది.

చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదడం దండగని కిందికి దిగి మేనేజరుకి చెప్పాడు. మేనేజరు మెడకి టై ఉంది, మొహాన నవ్వు ఉంది. రెండూ అద్దెకి తెచ్చుకున్నట్టే ఉన్నాయి.

"ఇంజనీరుగారు చూశారండీ. అంతా బ్రహ్మాండంగా ఉందన్నారు. ఇంతకీ మీరేం చదువుకున్నారు సార్?"

మేస్త్రి చెప్పడానికి ఏముంది, ఆరో తరగతిలో సగం. చరచరా బయటికి వచ్చి, ఇసుకలో నిలబడి తలెత్తి చూశాడు. బాల్కనీ అడుగున సున్నం కిందనుంచి తుప్పు మరకలు కారుతున్నాయి. పైన అప్పుడే ముసలావిడకి కుర్చీ వేస్తున్నారు. మనవలిద్దరూ కటకటాలు పట్టుకుని వేలాడుతున్నారు. పెద్ద మేనల్లుడు తల దువ్వుకుంటున్నాడు. మూడంతస్తులు ఎక్కి వెళ్ళేలోగా మిగతావాళ్ళూ వచ్చేస్తారు. వెళ్ళి మాత్రం ఏం చెప్తాడు? చెప్పిందేగా.

మేస్త్రి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"ఒరేయ్! అందరూ కిందికి రండ్రా! ఇక్కడ ఎంత బాగుందో!"

పైన దువ్వెన ఆగిపోయింది.

"ఏమన్నావ్ మావయ్యా?"

"బాగుందన్నానురా!"

"ఏం బాగుంది?"

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. గవ్వలమ్మే కొట్టు, పొట్టలు ముందేసుకుని నడిచే షికారు జనం, అరిచి అరిచి గొంతు పోయిన మైకు. దేన్ని పొగడమంటారు? చివరికి కాళ్ళకింద చూసుకున్నాడు.

"ఇసుక! ఇంత మంచి ఇసుక నా జన్మలో చూళ్ళేదు! ఫొటో ఇక్కడే దిగాలి!"

అంత పచ్చి అబద్ధం ఆయన ఏనాడూ ఆడలేదు. అది ఉప్పు ఇసుక. గూడు కట్టడానికి కూడా పనికిరాదు. ఈ హోటలు కట్టిన దరిద్రుడు బహుశా దాన్నే కలిపి ఉంటాడు.

పైన గోల లేచింది. "అన్నయ్య బాగుందన్నాడత్తయ్యా!" అని చెల్లెలు, "ఎవరు, మేస్త్రే?" అని ముసలావిడ. అయిదు నిమిషాల్లో కుర్చీతో సహా అందరూ కిందికి దిగారు. సముద్రాన్ని చూడటానికి కాదు, మేస్త్రి మెచ్చుకున్నది ఏమిటో చూడటానికి. ఆఫీసరు గుప్పెడు ఇసుక తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు, తనకేదో తెలిసినట్టు. పదకొండుగురూ నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. మేస్త్రి పళ్ళు బయటపెట్టాడు.

"మొత్తానికి సముద్రం మా బావని కరిగించింది. మనిషి కాదు, సిమెంటు ముద్ద!" అన్నాడు ఆఫీసరు.

అందరూ నవ్వుకుంటూ నీళ్ళవైపు కదిలాక చెల్లెలు దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, ఆ బాల్కనీ నిజంగా అంత పాడైపోయిందా?"

"చెప్తే విన్నావా?"

ఆమె కొంగులోంచి గది తాళంచెవి తీసి అన్న చేతిలో పెట్టి, పిల్లల వెనకాల వెళ్ళిపోయింది.

మేస్త్రి గట్టు పక్కన ఓ బండరాయి ఏరుకుని పైకి వెళ్ళాడు. బాల్కనీ తలుపు మూసి, గడియ బిగించి, అది వంగి మళ్ళీ తెరుచుకోకుండా నాలుగు దెబ్బలు వేశాడు. ఆ చప్పుడుకి మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. వంగిన గడియనీ, రాయినీ చూశాడు. అరుస్తాడనుకున్నాడు మేస్త్రి. అరవలేదు. వెనక్కి తిరిగి గది తలుపు దగ్గరికి వేశాడు.

"పోనీండి సార్. అలాగే ఉండనివ్వండి."

"ఇంజనీరు చూశాడన్నావుగా?"

"చూశారు సార్."

"ఏమన్నాడు?"

మేనేజరు టై సర్దుకున్నాడు. "సీజను అయిపోయాక బాగు చేయిద్దామని ఓనరుగారు..."

"ఇదొక్కటేనా?"

"ఈ వరసలో ఆరు గదులండీ. అన్నీ నిండి ఉన్నాయి."

మేస్త్రి అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు, సున్నం కొట్టిన చెదపుట్టని చూసినట్టు. "నువ్వేం చదువుకున్నావో నేనడగను. అడిగితే ఆ చదువుకే సిగ్గేస్తుంది."

రాయి తీసుకుని వరండాలోకి నడిచాడు. పక్కగదిలోంచి పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. మేనేజరు "సార్, సార్, మా ఉద్యోగాలు పోతాయి" అంటూ వెంటపడ్డాడు. మేస్త్రి తలుపు దబదబా బాదాడు.

"ఎవరూ?" అంది లోపల్నుంచి ఒక ఆడగొంతు.

"తాపీమేస్త్రిని తల్లీ. పిల్లల్ని లోపలికి పిలు. మీ బాల్కనీ తలుపు మూసెయ్యాలి."