విరిగిన చెయ్యి, జటాయువు రెక్క

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. పుట్టీపుట్టగానే ఒక చెయ్యి నామీద అచ్చయింది. అదీ విరిగిన చెయ్యి. ముంజేతి ఎముకకు అడ్డంగా సన్నని నల్లగీత. ధర్మవరంలో డాక్టరుగారు నన్ను వెలుతురుకు పట్టి రెండు క్షణాలు చూసి కవర్లో పెట్టేశారు. ఇంటికి రాగానే బీరువా వెనక పడ్డాను. మనుషులు నొప్పి ఉన్నంతసేపే మమ్మల్ని జాగ్రత్తగా పట్టుకుంటారు.

ఆ చెయ్యి ఓబుళేశుది. ముప్పై ఏళ్లుగా తోలుబొమ్మలు ఆడించినవాడు మోపెడ్ మీంచి పడ్డాడు. అదే వారం బెంగళూరు నుంచి ఒక హోటలాయన వచ్చి, బొమ్మలన్నీ ఇస్తే గోడలకు తగిలించుకుంటానన్నాడు.

కూతురు గంగరత్న అడ్డుపడింది. "శనివారం ఆట నేనాడిస్తా నాయనా. నువ్వు పాడితే చాలు."

"ఆడించు. జటాయువు ఘట్టం చెడిందా, బొమ్మల పెట్టె హోటలాయనదే. సూసుకో మే!"

శనివారం పొద్దున పెట్టె తెరిస్తే జటాయువుకు ఒక్క రెక్కే ఉంది. రెండోది ఎలుక తినేసింది. మేకతోలు నానబెట్టి, గీకి, ఆరబెట్టాలంటే రోజులు పడతాయి. ఆటకు మిగిలింది తొమ్మిది గంటలు.

అప్పుడు బీరువా వెనక నేను గంగరత్నకు దొరికాను.

ముందు నన్ను బ్లీచింగు నీళ్లలో ముంచింది. నలుపంతా వదిలితే అద్దంలా మిగులుతానని ఆమె ఆశ. సీసాలో బ్లీచింగు అడుగునే ఉండటంతో నలుపు సగమే వదిలింది, ఎముక అలాగే నిలిచింది. ఎర్ర ఇంకు పూసింది. చేమాకు మీద నీళ్లలా జారిపోయింది. ఇంకులో తుమ్మబంక కలిపింది. అంటుకుంది గాని, ఆరగానే పెచ్చులు లేచింది. చివరికి ఉప్పుకాగితం తెచ్చి, ఎముక ఉన్నచోటు వదిలి నా వీపంతా గీరింది. అబ్బో, ఆ మంట! కానీ ఈసారి ఇంకు పట్టింది. గోధుమరంగు కోసం టీ డికాషన్ అద్దింది. నన్ను రెక్కలా కత్తిరించి అంచుకు ఈకలు అతికిస్తుంటే పక్కింటి సుంకమ్మ వచ్చింది.

"ఏమ్మే, నా పుంజు ఈకలు పీకింది నువ్వేనా?"

"జటాయువుకు, అత్తా."

"ఎట్లాగూ రావణుడు నరికేదే గదా! దానికి నా పుంజు ఈకలేంటికి?"

ఏడింటికి బడి ఆవరణలో తెర కట్టారు, వెనక పెద్ద బల్బు. రావణుడు కత్తి ఎత్తాడు. నేను విచ్చుకున్నాను. వెలుతురు నాలోంచి దూరింది. తెర మీద ఎర్రటి రెక్క, ఆ రెక్క లోపల తెల్లగా మెరిసే ఎముక!

"ఎముక గూడా కనపడ్తాందప్పా!" అని జనం లేచి నిలబడ్డారు.

గంగరత్న గురి చూసిందో, గురి తప్పిందో, కత్తి సరిగ్గా ఆ నల్లగీత మీదే పడింది.

పాట ఆగిపోయింది.

చేతికి కట్టుతో పక్కనే కూర్చుని పాడుతున్న ఓబుళేశు నోరు తెరిచి తెర వంకే చూస్తున్నాడు. హోటలాయన ముందు వరసలోనే ఉన్నాడు.

"అది నా చెయ్యి గదమ్మే!"

"నీ చెయ్యి లేకుండా నేనెట్ల ఆడేది? పాడు నాయనా, జనం సూస్తాండారు!"

ఆయన పాడాడు. ముప్పై ఏళ్లలో ఎన్నోసార్లు జటాయువును చంపినవాడు, ఆరోజు మాత్రం దాని కోసం నిజంగా ఏడ్చాడు. హోటలాయన ఖాళీ వ్యానుతో వెళ్లిపోయాడు.

ఆరు వారాల తర్వాత డాక్టరుగారు పాత ఎక్స్‌రే అడిగారు. ఓబుళేశు సంచిలోంచి నన్ను తీశాడు, ఇంకుతో, డికాషన్ మరకలతో, కోడి ఈకలతో సహా.

"ఇదేందయ్యా?"

"జటాయువు రెక్క సార్. లోపల ఇరిగింది మాత్రం నాదే."

కొత్త ఎక్స్‌రేలో గీత లేదు. ఎముక అతుక్కుంది. కొత్త మేకతోలు రెక్క కూడా తయారైంది. అయినా తండ్రీకూతుళ్లు దాన్ని పక్కన పెట్టి, నన్నే రాముడి పక్షం బొమ్మల మూటలో భద్రంగా చుడుతున్నారు. నాలో ఆ గీత అలాగే ఉంది. రావణుడికి ప్రతి ఆటలోనూ ఎక్కడ నరకాలో తెలియాలి కదా.